సాయంత్రం పూట పాట నెమ్మదిగా తిరిగేది

మొన్న రక్తపరీక్షకి వెళ్తే, అక్కడి అమ్మాయి దూదికి స్పిరిట్ అద్ది నా మోచేతి మడత దగ్గర రాసింది. ఆ వాసన ముక్కుకి తగలగానే మనసు తెనాలిలో మాస్టారి రికార్డింగ్ షాపుకి వెళ్లిపోయింది. పొద్దున్నే షట్టరు ఎత్తగానే మా మొదటి పని అదే మరి. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేపు డెక్కు మూత తీసి, టేపుని చదివే హెడ్డు తుడవాలి. దూదికి గోధుమరంగు మడ్డి అంటుకునేది. టేపు మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పొడి అది. "నిన్నటి పాటల్లోంచి రాలిందిరా ఇది, తుడవకపోతే ఇవాళ్టి పాటకి అడ్డం పడుతుంది" అనేవారు మాస్టారు. తర్వాత రబ్బరు రోలరు తుడవాలి. తడి ఆరేదాకా ఆగి, అప్పుడు స్విచ్ వేయాలి.

ఇప్పటి పిల్లలకి రికార్డింగ్ సెంటరంటే ఏమిటో చెప్పాలి. అప్పట్లో ప్రతి ఊళ్లోనూ అలాంటి షాపులు ఉండేవి. కావలసిన పాటలు కాగితం మీద రాసుకుని, ఒక ఖాళీ క్యాసెట్ కొనిచ్చి వెళ్లేవాళ్లు. మేం గోడనిండా ఉన్న ఎల్‌పీ రికార్డుల్లోంచి, చిన్న ఈపీ రికార్డుల్లోంచి ఆ పాటలు వెతికి, ఒక్కొక్కటే క్యాసెట్లోకి ఎక్కించేవాళ్లం. గంట క్యాసెట్ నిండాలంటే గంట పైనే కూర్చోవాలి. తొందరపెడితే పాట తొందరగా అవ్వదు కదా. లిస్టు చదివితే మనిషి తెలిసిపోయేవాడు. పెళ్లి కుదిరినవాళ్ల లిస్టు వేరు, పెళ్లయి పదేళ్లయినవాళ్ల లిస్టు వేరు. ఘంటసాల విషాదగీతాలు వరసగా రాసుకొచ్చిన కుర్రాడిని మాస్టారు కూర్చోబెట్టి టీ తెప్పించేవారు.

మాస్టారని ఎందుకు పేరొచ్చిందంటే, ఆయన పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. తెనాలి చుట్టుపక్కల నాటకాలకి కొదవ లేదు. షాపు పెట్టాక కూడా హార్మోనియం వదల్లేదు. రికార్డు ప్లేయరు పక్కనే బల్ల మీద ఉండేది. రికార్డు మీద ముల్లు పెట్టి, పల్లవి వింటూ, ఎడంచేత్తో తిత్తి ఆడించి ఒక మెట్టు నొక్కి చూసేవారు. శ్రుతి కలిస్తే రికార్డింగ్ మొదలు. కలవకపోతే ముల్లు ఎత్తేసి, "సాయంత్రం పడిపోయిందిరా, రాత్రి చేద్దాం" అనేవారు.

పడిపోయింది కరెంటు.

* * *

ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మా రికార్డు ప్లేయరు మోటారు నేరుగా ఇంటి కరెంటు మీద తిరిగేది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై సార్లు ఊగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మోటారు వేగం ఆ అంకె మీదే ఆధారపడుతుంది. వేసవిలో, అందులోనూ సాయంత్రం వాడకం పెరిగే వేళ, ఉత్పత్తి చాలక గ్రిడ్డులో ఆ అంకె దిగిపోయేది. దక్షిణాది గ్రిడ్డులో 48.5 కంటే కిందకి పోయిన రోజులూ ఉన్నాయి. 50 బదులు 48.5 అంటే నూటికి మూడు పాళ్లు తక్కువ. రికార్డు కూడా అంతే నెమ్మదిగా తిరుగుతుంది. గొంతు అర్ధ స్వరంలో సగం కిందకి దిగుతుంది. హార్మోనియంలో ఆ మెట్టూ కలవదు, దాని కింద మెట్టూ కలవదు.

ప్లేయరు పళ్లెం అంచున చిన్న చిన్న చుక్కలు ఉండేవి. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ చుక్కలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు లెక్క. నేను వంగి చూసి, "చుక్కలు నిలబడ్డాయి మాస్టారూ, బాగానే ఉంది" అన్నాను ఒకసారి. ఆయన మెట్టు నొక్కి పట్టుకునే ఉన్నారు. "ట్యూబ్‌లైటు ఏ కరెంటు మీద వెలుగుతోందిరా? మోటారు ఏ కరెంటు మీద తిరుగుతోంది? రెండూ కలిసే పడిపోతే చుక్క ఎందుకు కదులుతుంది?" అన్నారు. ఎన్నేళ్లయినా ఆ మాట మర్చిపోలేదు. కరెంటుతో సంబంధం లేనిది ఆ గదిలో హార్మోనియం ఒక్కటే.

అందుకే ఘంటసాల పాటల్లాంటివి, ఆయన ప్రాణంగా చూసుకునేవి, రాత్రి పదింటి తర్వాతే ఎక్కించేవారు. ఊరు సద్దుమణిగి లోడు తగ్గితే శ్రుతి సరిపోయేది. తెనాలిలో, దాని పక్క ఊళ్లలో ఈపాటికీ ఎవరింట్లోనైనా మా షాపు క్యాసెట్లు ఉంటే, ఒకే పాట రెండు క్యాసెట్లలో రెండు శ్రుతుల్లో వినపడొచ్చు. ఒకటి వేసవి సాయంత్రం ఎక్కించింది, ఇంకొకటి అర్ధరాత్రిది. గాయకుడు అదే, రికార్డు అదే, షాపూ అదే.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. మా షాపు పాత ఖాతాదారు ఒకాయన అల్లుడు అమెరికా వెళ్తూ రికార్డు ప్లేయరు, ఎల్‌పీలు పట్టుకెళ్లాడు. అక్కడి 110 వోల్టుల్ని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనుక్కున్నాడు. కొన్నాళ్లకి ఉత్తరం వచ్చింది, పాటలన్నీ పరుగెడుతున్నాయి, ఘంటసాల చిన్నపిల్లాడిలా పాడుతున్నాడని. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. అక్కడి కరెంటు 60. నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన రికార్డు 40 సార్లు తిరుగుతోంది. మాస్టారు ఆ ఉత్తరం చదివి, ఆ అబ్బాయి దగ్గర ఏ రికార్డులున్నాయో జాబితా తెప్పించుకుని, అవన్నీ మా షాపులో క్యాసెట్లకి ఎక్కించి పంపించారు. దేశం కాని దేశంలో ఒంటరిగా ఉన్న కుర్రాడు తన పాట తను గుర్తుపట్టలేకపోతే ఎలా అని ఆయన బాధ.

* * *

ఇంకొకాయన మా వీధి చివర దర్జీ. ఘంటసాల పాడిన ఒక పాత పాట రికార్డు చేయించుకుని, మర్నాడే క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, ఇది మన పాట కాదండీ. రెండో చరణం ఏదండీ?" అన్నాడు. నేను ఎల్‌పీ తీసి మళ్లీ వేశాను. అందులో లేదు. ఆయన నమ్మలేదు. టూరింగ్ టాకీసులో ఆ సినిమా మళ్లీ మళ్లీ చూసినవాడు. అక్కడే కౌంటరు ముందు నిలబడి, మెళ్లో టేపు వేలాడుతుండగా, ఆ చరణం మొత్తం పాడేశాడు. మాస్టారు హార్మోనియం లాక్కుని ఆయనకి శ్రుతి పట్టారు. లోపల లిస్టులు రాసుకుంటున్న నేను కలం ఆపేశాను. ఎంత బాగా పాడాడో!

అప్పుడు మాస్టారు అటక మీంచి ఒక 78 రికార్డు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డు, దింపించారు. పెద్దవాళ్లు వాటిని ప్లేట్లు అనేవాళ్లు. లక్కతో చేసినవి. బరువుగా ఉండేవి, చెయ్యి జారితే పెంకుల్లా పగిలేవి. పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క పట్టేది మూడు, మూడుంబావు నిమిషాలు. సినిమాలో పాట నాలుగైదు నిమిషాలుంటే ఏం చేస్తారు? ఒక చరణం తీసేస్తారు, లేదా మధ్యలో వాద్యసంగీతం కత్తిరిస్తారు, లేదా ప్లేటు కోసం విడిగా కాస్త చురుగ్గా పాడించి రికార్డు చేస్తారు. మరీ పెద్దదైతే రెండు పక్కలకీ సర్దుతారు. సగం విని, తిప్పి, మిగతా సగం వినాలి. తర్వాత ఎల్‌పీలు వచ్చినప్పుడు ఒక పక్క ఇరవై నిమిషాలకి పైగా చోటుంది, అయినా పాత పాటలు ఆ కురచ ప్లేట్ల కొలతలోనే వాటిలోకి చేరాయి. రేడియోకి అదే వెళ్లింది, క్యాసెట్‌కి అదే వచ్చింది. ఆ చరణం సినిమా రీళ్లలో మిగిలిపోయింది.

"మరి నా పాట కావాలంటే?" అన్నాడు దర్జీ.

"సినిమా చూడాలి" అన్నారు మాస్టారు.

ఆ చరణాన్ని నేను ఆయన చేత మళ్లీ చెప్పించుకుని షాపు పుస్తకంలో రాసి పెట్టాను.

* * *

ఫిల్ము రీళ్ల రోజుల్లో సినిమా హాల్లో వినే పాట అసలు దారే వేరు. ఫిల్ము అంచున సన్నటి గీతలా అచ్చయి ఉన్న ధ్వని మీదుగా దీపం వెలుగు పడి, ఆ వెలుగులోని హెచ్చుతగ్గులే మళ్లీ ధ్వని అయ్యేవి. ఫిల్ము మీద గీతలు పడితే ఆ గీతలు కూడా వినపడేవి, అదే ఆ చిటపట. రీలు మొదట్లో, చివర్లో ఎక్కువ. పైగా హాళ్లలో గరగర వినపడకుండా పై స్వరాలు కొంత తగ్గించి వేసేవాళ్లు. అందుకే థియేటర్లో పాట గుండ్రంగా, గుండెకి తగిలేట్టు ఉండేది, గజ్జెల చప్పుడు మాత్రం కాస్త దూరంగా వినపడేది.

టూరింగ్ టాకీసు దగ్గర పెరిగిన మా తరానికి ఇంకొక ధ్వని కూడా తెలుసు. ఆట మొదలయ్యే ముందు డేరా మీద గొట్టం మైకులో ఘంటసాల "నమో వెంకటేశా" వేసేవాళ్లు. అది పడిందంటే ఇంట్లో అన్నం కంచాల ముందు టెన్షన్ మొదలయ్యేది. పొలాల మీదుగా వచ్చే ఆ పాటలో మృదంగం ఉండేది కాదు, గొంతు మాత్రం మైలు దూరం దాకా కోసుకుంటూ వచ్చేది. గొట్టం స్పీకరు కింది స్వరాల్ని పలకదు. గొంతుండే మధ్య స్వరాల్నే గట్టిగా విసురుతుంది. ఆ పాటలో మృదంగం ఉందని నాకు షాపులో చేరాకే తెలిసింది. తెలిసిన రోజున ఆ పాట వరసగా ఎన్నిసార్లు వేసుకున్నానో.

పెళ్లిళ్లలో మైకు సెట్టు కుర్రాళ్లు వాడే పాత గ్రామఫోన్లకి కీ ఇవ్వాల్సి వచ్చేది. స్ప్రింగు వదులయ్యేకొద్దీ పాట ఈడ్చేది. మధ్యలో హ్యాండిలు తిప్పితే మళ్లీ పైకి లేచేది. ఆ లేవడం వింటే నాకు ఇప్పటికీ పందిట్లో తాటాకుల వాసన వస్తుంది.

రేడియో పాట గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది, మా ఇంట్లో పొద్దు ఎక్కడం దిగడం అంతా దానితోనే. మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషనుకి ఇచ్చే చోటు ఇరుకు, అందుకని పై స్వరాలు సగంపైన రాలిపోతాయి. సిలోను పెడితే షార్ట్‌వేవ్‌లో పాట ఉబ్బుతూ, తగ్గుతూ, మధ్యలో సముద్రం ఒకటి ఉన్నట్టే వచ్చేది. జనరంజనిలో వచ్చిన పాటని మా షాపులో ఎల్‌పీ మీద విని "ఇంత పదునుగా ఉండదండీ" అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి రేడియోలో వచ్చిందే పాట. మాస్టారు వాళ్లతో వాదించేవారు కాదు. ట్రెబుల్ నాబ్ తగ్గించి ఎక్కించి ఇచ్చేవారు.

* * *

దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి వచ్చేటప్పటికి వీధులు ఖాళీ. షాపులో కూడా చిన్న టీవీ ఉండేది. ఒక వారం మాస్టారికి బాగా తెలిసిన పాత పాట వచ్చింది. అలవాటుగా హార్మోనియం మీద చెయ్యి వేశారు. కలవలేదు. ఎల్‌పీ మీద ఆ పాట ఒకటో శ్రుతి. టీవీలో ఒకటికి పైన, దాని పక్క మెట్టు ఒకటిన్నరకి కింద పలుకుతోంది. కరెంటు పడిపోయిందనుకోవడానికి లేదు, పడితే కిందకి దిగాలి, ఇది పైకి ఎక్కింది.

ఆ మాట ఆయన్ని చాలాకాలం తొలిచింది. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల దగ్గర తెలిసిన ప్రొజెక్షన్ మనిషిని అడిగి తెలుసుకొచ్చారు. సినిమా సెకనుకి 24 బొమ్మలు నడుస్తుంది. మన టీవీ సెకనుకి 25. టీవీ కోసం సినిమాని మార్చేటప్పుడు మామూలుగా ఒక బొమ్మ కలపడం ఏమీ ఉండదు, మొత్తం సినిమానే 25 చొప్పున నడిపించేస్తారు. బొమ్మలో తేడా కంటికి తెలియదు. పాట మాత్రం నూటికి నాలుగు పాళ్లు వేగంగా, అర్ధ స్వరంలో ముప్పాతిక వంతు పైకి వెళ్తుంది. నాలుగు నిమిషాల పాట పది సెకన్లు ముందే అయిపోతుంది. తర్వాత వచ్చిన వీడియో సీడీల్లో, డీవీడీల్లో, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న చాలా పాత సినిమా పాటల్లో ఆ పెరిగిన శ్రుతి అలాగే ఉంది. సంగీతం నేర్చుకునే పిల్లలు వీడియో పెట్టుకుని హార్మోనియమో కీబోర్డో కలపబోయి, కలవక, తమ చెవిని అనుమానించుకుంటున్నారు. చెవిలో దోషమేమీ లేదమ్మా.

* * *

షాపులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని హెడ్డు సరిచేయడం. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో రెండు పక్కలు, ఒక్కో పక్కా స్టీరియోకి రెండు దారులు. అది సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున పాకుతూ హెడ్డు మీదుగా పోతుంది. హెడ్డులోని సన్నటి చీలిక టేపుకి సరిగ్గా అడ్డంగా నిలబడాలి. వెంట్రుకవాసి వాలినా పై స్వరాలు చచ్చిపోతాయి. మా షాపులో మెరిసిన పాట ఇంటికెళ్లి టూ-ఇన్-వన్‌లో, అంటే రేడియో, టేపు కలిసిన సెట్టులో వేస్తే దుప్పటి కప్పినట్టు వినపడుతోందని ఫిర్యాదు వచ్చేది. "సెట్టు పట్టుకురండి" అనేవారు మాస్టారు. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. పాట నడుస్తుండగా, చిన్న స్క్రూడ్రైవరుతో దాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. నేను గొంతు వినేవాణ్ణి కాదు. 'స' అక్షరం కోసం, తాళాల కోసం, వీణ మీద వేలి మీటు కోసం వేచి ఉండేవాణ్ణి. ఒక చోట అవి చప్పున తెరుచుకుంటాయి. ఇంకొంచెం తిప్పితే మళ్లీ మూసుకుంటాయి. వెనక్కి వచ్చి అక్కడే ఆపాలి. ఆపి, స్క్రూ మీద గోళ్లరంగు చుక్క పెట్టేవాళ్లం, కదలకుండా.

ఎల్‌పీలో చివరి పాట ఎప్పుడూ కాస్త నలిగినట్టు వినపడుతుంది, గమనించారా? రికార్డు ఒక చుట్టు తిరగడానికి ఎక్కడైనా ఒకటే సమయం. అంచున ఆ సమయంలో ముల్లు దాదాపు 90 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లోపలికి పోయేసరికి అందులో సగం కూడా ఉండదు. అంత ధ్వనీ ఆ ఇరుకులో కుక్కాలి. 78 ప్లేటుకి ఎల్‌పీ ముల్లు పెడితే ఇంకో రకం కష్టం. ప్లేటు గాడి వెడల్పు, సన్న ముల్లు అడుక్కి దిగి దుమ్మునంతా దున్నుతుంది. అందుకే మా పికప్‌కి రెండు ముళ్లు ఉండేవి, ఇటు తిప్పితే ప్లేటుకి, అటు తిప్పితే ఎల్‌పీకి. ఈమధ్య ఫోన్లలో వినపడే కొన్ని పాత ప్లేట్ల పాటల్లో ఆ గరగర వింటే నాకు తెలిసిపోతుంది, ముల్లు తిప్పుకోలేదని.

ఘంటసాల భగవద్గీత క్యాసెట్ ఎన్ని కాపీలు చేశామో లెక్కలేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఏ ఇంట్లో మనిషి పోయినా ఆ గొంతే వినపడుతోంది. రాత్రిపూట తలుపు కొట్టి అడిగేవాళ్లు. డబ్బులు తీసుకునేవాళ్లం కాదు. కాపీ నుంచి కాపీ, దాన్నుంచి ఇంకో కాపీ తీస్తూ పోతే ప్రతిసారీ బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, గొంతు కాస్త వణుకుతుంది. మాస్టారు మాత్రం ఎప్పుడూ ఎల్‌పీ నుంచే తీయమనేవారు. "ఆ ఇంట్లో వాళ్లు ఈ రాత్రి దీన్ని వింటారు, ఆయన గొంతు ఆయన గొంతులాగే ఉండాలి" అనేవారు.

* * *

మా అమ్మాయి వినేవి శుభ్రం చేసిన పాటలు. గరగర లేదు, బుస్సు లేదు. కానీ గరగర తీసే యంత్రం దానితోపాటు చాలా తీసేస్తుంది. తబలా మీద ఎడంచేతి గుమ్కీ మోగి ఆరిపోయే ఆ చివరి భాగం, పల్లవి అందుకునే ముందు గాయకుడు పీల్చే ఊపిరి, మద్రాసు స్టూడియో గోడల నుంచి తిరిగొచ్చే చిన్న ప్రతిధ్వని, ఇవన్నీ సన్నగా ఉంటాయి కాబట్టి చెత్తతోపాటే పోతాయి. ఆపైన మొత్తం ధ్వనిని ఒకే ఎత్తుకి లేపుతారు. లాలిపాటలా మొదలయ్యే పల్లవి, పతాకస్థాయికి వెళ్లే చరణం రెండూ ఒకేలా గట్టిగా వినపడతాయి. మంద్రంలో ఘంటసాల గొంతు తగ్గించేది మనం ముందుకి వంగి వినాలనే కదా! అది నాకు నిజంగా బాధ. ఒకే దారిలో రికార్డయిన కొన్ని పాత మోనో పాటలకి స్టీరియో అని పేరు పెట్టి, కింది స్వరాలు ఒక చెవికి, పై స్వరాలు ఇంకో చెవికి పంచేస్తారు. ఇయర్‌ఫోన్స్‌లో గొంతు రెండుగా చీలినట్టుంటుంది. తొంభైల్లో హిందీ పాటల మీద ఝంకార్ అని దరువు అతికించిన క్యాసెట్లు వచ్చినప్పుడు మాస్టారు అవి షాపులోకి రానివ్వలేదు. వ్యాపారం పోయింది, పోనిమ్మన్నారు. ఆయన చేసింది మంచిపనే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన పోయి చాలాకాలమైంది. షాపు పుస్తకాలు కొన్ని నా దగ్గరే ఉన్నాయి. రక్తపరీక్ష నుంచి వచ్చిన రోజు వాటిని దింపి చూస్తుంటే దర్జీ గారి చరణం కనపడింది. ఆ సినిమా ఇప్పుడు నెట్‌లో దొరుకుతోంది, టీవీ నుంచి తీసింది. అందులో ఆ చరణం ఉంది! వెనక ఎడ్లబండి గంటలు కూడా ఉన్నాయి. శ్రుతి మాత్రం అనుకున్నట్టే పైన ఉంది. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 25ని 24 చేసి పెట్టింది, హార్మోనియం ఒకటో మెట్టుకి వచ్చి కూర్చుంది. ఎల్‌పీ పాటని మధ్యలో తెరిచి ఆ చరణం అతికించాం. అతుకు దగ్గర ధ్వని ఒక్కసారి మందగించి, చరణం అయ్యాక మళ్లీ తేరుకుంటుంది. దాన్ని కూడా సాఫు చేస్తానంది అమ్మాయి, వద్దన్నాను. ఏ ముక్క రికార్డుదో, ఏ ముక్క సినిమాదో వినేవాళ్లకి తెలియాలి. ఇంకా ఒక లోటు ఉంది. పల్లవికి ముందు సినిమాలో వచ్చే వేణువు మీద మాటలు పడ్డాయి, ఎల్‌పీలో దాన్ని కత్తిరించేశారు. పాత ప్లేటులో ఉండి ఉండాలి. మీ అటకల మీద 78లు ఉంటే దయచేసి తూకానికి వేయకండి, ముందు ఒకసారి సరైన ముల్లు పెట్టి వినండి.